చర్ల దాటిన బస్సు

ఇప్పగుంపు, చర్ల మండలం
ఫిబ్రవరి

ప్రియమైన చెల్లి ఆరాధనకు,

నీ అక్క దీవెన రాసేది. కవరు మీద నా చేతిరాత చూడగానే చించి పారేయకు తల్లీ, ఒక్కసారి చదివి ఆ తర్వాత నీ ఇష్టం. నాన్న భూస్థాపన రోజు సమాధుల తోట గేటు దగ్గర నువ్వు నా చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయాక నీకు రాయడం ఇదే.

మా ఊరి బస్సు డ్రైవర్ సర్వర్ భాయి మొన్న మా ఇంట్లో అన్నం తింటూ ఉన్నట్టుండి అడిగాడు. "దీవెనమ్మా, ఖమ్మం ఆఫీసుల బస్సుల టైములు గీసే మేడం షాలేమ్‌రాజు పాస్టరు బిడ్డెనట. మీ చెల్లెనా ఏంది?" సంతోషంతో ఆయనకు ఇంకో గరిటె అన్నం వేశాను. "అవ్ భాయీ, మా చెల్లే" అన్నాను. అప్పటినుంచి ఊళ్లో నాకు మర్యాద పెరిగింది. బస్సు లేటయితే కూడా నన్నే అడుగుతున్నారు.

ఆరాధనా, ఇక్కడ ఫోను పలకదని నీకు తెలుసు. గుట్ట ఎక్కితే ఒక గీత వస్తుంది, మాట్లాడేలోపు పోతుంది. మాకు ఉన్నదల్లా ఆ బస్సు. భద్రాచలం నుంచి సాయంత్రం వస్తుంది, రాత్రి మా ఇంటి ఎదుటి అంగన్‌వాడీ ముందు ఆగి, తెల్లారి మొదటి ట్రిప్పుగా తిరిగి పోతుంది. సర్వర్ భాయి, కండక్టర్ హరిలాల్ మా వరండాలోనే పడుకుంటారు. వాళ్లకు అన్నం పెట్టడం ఊరివాళ్ల వంతు. ఒకనాడు మడివి వాళ్లింట్లో, ఒకనాడు మా ఇంట్లో. జ్వరమొచ్చినవాళ్లు, పురుటికి పోయేవాళ్లు రాత్రే వచ్చి సీట్లలో పడుకుంటారు. ఆ బస్సును తీసేస్తారని డిపోలో మాట వచ్చిందట. నిజమేనా?

నాకు నాలుగో నెల. నవ్వకు. తల నెరిసే వయసులో ఇదేం సంబరమని మా అత్తే నవ్వింది. ముందు రెండుసార్లు నిలవలేదని నీకు తెలుసు. ఈసారి బీపీ ఎక్కువగా ఉంది, కాళ్లు పొంగుతున్నాయి. తరచూ వచ్చి చూపించుకోవాలనీ, నొప్పులొస్తే ఒక్క గంట కూడా ఆగొద్దనీ భద్రాచలంలో డాక్టరమ్మ చెప్పింది. బస్సు ఇంటిముందు ఉంటే నాకేం భయం లేదు. అది లేకపోతే ఎట్లా అన్నదే నా దిగులు.

ఈ ఉత్తరం సర్వర్ భాయి చేతికిస్తున్నాను. భద్రాచలం బస్టాండులో ఖమ్మం బస్సు డ్రైవరుకు అందిస్తానన్నాడు. నువ్వూ అట్లాగే పంపు. అమ్మ ఎట్లా ఉంది?

నీ అక్క,
దీవెన


ఖమ్మం
మార్చి

దీవెనక్కకు,

ఉత్తరం అందింది. చించలేదు. నాకు ఉత్తరాలు చించే అలవాటు లేదు, దాచే అలవాటు ఉంది.

నీ కడుపు పండినందుకు సంతోషం. అమ్మకు చదివి వినిపించాను. టీవీ సౌండు పెంచింది. నువ్వు చర్చి మార్చుకుని ఆర్‌సీఎం క్యాథలిక్ గుడిలో ఆంథోని బావను చేసుకున్న రోజు కూడా అమ్మ ఇట్లాగే రేడియో పెంచిందని గుర్తుందా? అప్పుడు నాన్న మూడు నెలలకు మెత్తబడ్డాడు. అమ్మ అంత తేలిక కాదు.

ఇక బస్సు సంగతి. అక్కా, టైములు నేను "గీయను". సాఫ్ట్‌వేర్ గీస్తుంది, నేను దాని ముందు కూర్చుంటాను. నీకు అర్థమయ్యేలా చెప్తాను. ఒక బస్సు రోజంతా చేసే పనిని మేం బ్లాకు అంటాం. ఆ బ్లాకును ముక్కలు చేసి డ్రైవర్లకు డ్యూటీలుగా పంచడం రన్ కటింగ్. జాకెట్లు కుట్టేవాళ్లు గుడ్డ వేస్టు కాకుండా కత్తిరించినట్టే. మనుషులు ఎక్కకుండా తిరిగేవి డెడ్ కిలోమీటర్లు. చివరి స్టాపులో బస్సు ఆగే సమయం లేఓవర్. అది టీ తాగి మొహం కడుక్కునేంత ఉంటే చాలు. మీ ఊళ్లో రాత్రంతా ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ కళ్లకు మీ నైట్ హాల్ట్ బస్సు అత్తారింటికి పోయి తిరిగిరాని అల్లుడిలా కనిపిస్తోంది.

పైగా అది చాలా తెలివైనది సుమా. చర్ల దాటితే సిగ్నల్ ఉండదు కదా, అయినా ఊరుకోదు. టైము ప్రకారం బస్సు ఎక్కడ ఉండాలో అక్కడ ఉందని తనే పూరించుకుంటుంది. ఎవరైనా ట్రిప్పు రద్దయిందని కొడితే తప్ప బస్సు చేరినట్టే లెక్క.

మీ ఊరివాళ్లంతా ఒక అర్జీ రాసి వేలిముద్రలు వేసి పంపండి. చూద్దాం.

ఒక్క సంగతి మాత్రం నాకు వింతగా ఉంది. నీకు ఈ బస్సు మీద ఇంత ప్రేమ ఎప్పటినుంచి?

ఆరాధన


ఇప్పగుంపు
ఏప్రిల్

చెల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అల్లుడి ముక్క దగ్గర సర్వర్ భాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. "మేడం మస్తు హుషారున్నది" అన్నాడు.

అర్జీ ఇందులోనే పెట్టాను. వేలిముద్రల కోసం ఊరంతా తిరిగాను, పోడు చేలల్లోకి కూడా పోయాను. ఆ ముసలి మడివి లచ్చమ్మ ఉంది చూడు, వేలిముద్ర వేసి, "బస్సు తీసేత్తే ఆ మేడంను వచ్చి నన్ను మోయమను" అంది. కోపగించుకోకు. మంచి మనిషి.

బస్సు నిండా జనమే ఆరాధనా, ఖాళీగా ఎక్కడ తిరుగుతోంది? ఆడవాళ్లకు టికెట్ ఉచితం కనక ఇప్పుడు ఇంకా ఎక్కువ ఎక్కుతున్నారు. హరిలాల్ ఎంత మంచివాడంటే, చర్ల దాటగానే మిషను సంచిలో పెట్టేస్తాడు. "మీకు జీరో టికెట్ ఏంది అక్కా, నాకు ఎరికలేని మొఖాలా మీవి? ఆధార్ కార్డులు తీయుడు, పెట్టుడు, గీ పరేషాన్ ఎందుకు" అంటాడు. రాత్రి మా అన్నం తినేవాడు మమ్మల్ని కార్డులు అడగడానికి సిగ్గుపడతాడు. అట్లాంటి మనుషులు ఉన్న బస్సు ఇది. ఇది రాయడం నీకేమైనా ఉపయోగపడుతుందా? ఏది ఉపయోగపడుతుందో తెలియక అన్నీ రాస్తున్నాను.

బస్సు మీద ప్రేమ ఎప్పటినుంచి అని ఎందుకు అడిగావు? ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. సూటిగా చెప్పు.

బిడ్డ తిరుగుతోంది. రాత్రి ఇంజను ఆగినప్పుడల్లా ఒక తన్ను తంతుంది. ఆంథోని రోజూ చెయ్యి పెట్టి చూస్తున్నాడు.

నీ అక్క


ఖమ్మం
మే

దీవెనకు,

సూటిగా అడిగావు, సూటిగానే చెప్తాను.

నాన్న దవాఖానాలో పడి ఉన్నప్పుడు ఆయన మంచం పక్కన ఉన్నది నేను. తలుపు చప్పుడైనప్పుడల్లా "పెద్దది వచ్చిందా?" అన్నాడు. నర్సు వచ్చినా అదే, ఊడ్చే ఆమె వచ్చినా అదే. ఆఖరికి గొంతు పోయాక కళ్లతో అడిగాడు. నువ్వు మట్టి పోసేశాక వచ్చావు. వచ్చి, "బస్సు రాలేదు చెల్లీ" అన్నావు. జనమంతా అయ్యో పాపం అన్నారు. కోపంతో నీ చెయ్యి విదిలించుకున్నా, ఆ మాట మాత్రం నేనూ నమ్మాను.

తర్వాత నాకు ఈ ఉద్యోగం వచ్చింది. పాస్‌వర్డ్ ఇచ్చిన మొదటి రోజే నేను తెరిచింది ఏమిటో తెలుసా? రెండేళ్ల కిందటి జులై. మీ ఇప్పగుంపు ట్రిప్పు. సాయంత్రం చేరింది, తెల్లారి బయలుదేరింది, ఒక్క నిమిషం లేటు లేదు. నా కళ్లతో చూశాను. పచ్చ రంగులో ఉంది.

బస్సు వచ్చింది దీవెనా. నువ్వు ఎక్కలేదు.

ఇప్పుడు మీ బస్సు సంగతి. మీ హరిలాల్ మంచితనం వల్ల చర్ల దాటాక నా తెర మీద ఒక్క మనిషి లేడు. టికెట్ కొట్టని మనిషిని సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టదు. మీ వేలిముద్రలన్నీ కలిపినా ఒక్క జీరో టికెట్ కావు. ఈ సంగతి నీ మొదటి ఉత్తరం రాకముందే ఊహించాను, ఏప్రిల్‌లో నువ్వే రాసి ఖాయం చేశావు. అప్పుడే చెప్పి ఉంటే మీరంతా ఆ రోజు నుంచే టికెట్లు కొట్టించుకునేవాళ్లు. నేను చెప్పలేదు.

అయినా నా చేతిలో ఒక ఉపాయం ఉంది. ఏ ట్రిప్పుకైనా లాక్ పెట్టొచ్చు. పెడితే సాఫ్ట్‌వేర్ దాన్ని ముట్టుకోదు. జూన్ నుంచి కొత్త షెడ్యూల్. లాక్ పెట్టాలంటే నాకు ఒక్కటే కావాలి. "నాన్న చావుబతుకుల్లో ఉంటే నాకు రావాలనిపించలేదు, బస్సు రాలేదని అబద్ధం చెప్పాను" అని నీ చేత్తో అమ్మకు రాయి. అది అందిన రోజు నీ బస్సు నీకు ఉంటుంది.

నీ కడుపులో బిడ్డ మీద నాకేం పగ లేదు. ఆలోచించుకో.

ఆరాధన


ఇప్పగుంపు
మే నెలాఖరు

ఆరాధనా,

నువ్వు మనిషివేనా అని రాసి కొట్టేశాను. కొట్టేసినా కనపడుతుంది, కనపడనీ.

ఆ రోజు సంగతి విను. నాన్నకు బాగాలేదని మధ్యాహ్నం చర్ల నుంచి కబురొచ్చింది. నేను బట్టలు సర్దుకుని అంగన్‌వాడీ ముందు కూర్చున్నాను. సాయంత్రం బస్సు రాలేదు. వాన దంచుతోంది. సాయంత్రం రాని బస్సు తెల్లారి ఎట్లా బయలుదేరుతుంది? నేనూ ఆంథోనీ గొడుగు లేకుండా వాగు దాకా నడిచాం. వాగు రోడ్డు మీదికి వచ్చేసింది. అవతలి ఒడ్డున క్యాంపు వేసుకున్న పోలీసులు చేతులూపి వెనక్కి పొమ్మన్నారు. నేను నడుం లోతు దిగాను. ఆంథోని జుట్టు పట్టి లాగాడు. నమ్మకపోతే సర్వర్ భాయిని అడుగు. చర్ల దాటాక బండి వెనక్కి తిప్పి పోయింది ఆయనే.

నీ తెర మీద పచ్చగా ఎందుకుందంటావా? మార్చిలో నువ్వే రాశావు కదమ్మా. చర్ల దాటాక బస్సు చేరిందని అదే పూరించుకుంటుందని. హరిలాల్ మిషను సంచిలో ఉంటే రద్దని కొట్టేది ఎవరు? అంత చదువుకున్నదానివి, నువ్వు రాసిన ముక్క నీకే గుర్తు లేదా?

ఇంత చెప్పాక కూడా నువ్వు అడిగింది పంపుతున్నాను. నాకు బస్సు కావాలి. పరువు, నిజం, ఇవన్నీ కడుపులో బిడ్డ లేనప్పటి ముచ్చట్లు. అమ్మకు రాసిన కాగితం ఇదిగో, నువ్వు చెప్పిన మాటలే పెట్టాను.

"అమ్మకు, దీవెన రాయునది. నాన్న చావుబతుకుల్లో ఉన్నప్పుడు నాకు రావాలనిపించలేదు. బస్సు రాలేదని అబద్ధం చెప్పాను. నన్ను క్షమించు."

అమ్మకు చదివేటప్పుడు నీ గొంతు వణక్కుండా చూసుకో. లాక్ పెట్టు.

దీవెన


ఖమ్మం
జూన్

దీవెనకు,

కాగితం అందింది. అమ్మకు చదివాను. నా గొంతు వణకలేదు. అమ్మ టీవీ ఆపేసింది. తర్వాత కుటుంబ బైబిల్ తెమ్మంది. మొదటి పేజీలో నాన్న మన పుట్టిన తేదీలు రాశాడు కదా, నీ పేరు మీద గీత గీయమంది. పెన్ను నేనే పట్టుకున్నాను.

వాగు గురించి నువ్వు రాసింది చదివాను. అబద్ధమాడి దొరికినవాళ్లందరికీ ఏదో ఒక వాగు ఉంటుంది.

లాక్ పెట్టలేకపోయాను. కొత్త షెడ్యూల్ మే మొదటి వారంలోనే ఫ్రీజ్ అయింది. ఒకసారి ఫ్రీజ్ చేశాక అక్టోబరు దాకా ఎవరూ వేలు పెట్టకూడదు. నీకు ఆ ఉత్తరం రాసేనాటికే అయిపోయింది. చెప్పలేదు, ఎందుకంటే నువ్వు నిజం ఒప్పుకుంటావో లేదో చూడాలనుకున్నాను. ఒప్పుకున్నావు.

మీ బస్సు ఇక చర్ల వరకే. చర్ల నుంచి భద్రాచలానికి మాత్రం మంచి హెడ్‌వే ఇచ్చాను, అంటే ఒక బస్సు వెనక ఇంకో బస్సు తొందరగా వస్తుంది. చర్ల దాకా రాగలిగితే నీకేం ఇబ్బంది ఉండదు.

పుట్టాక కబురు చెయ్యి.

ఆరాధన


భద్రాచలం
ఆగస్టు

ఆరాధన గారికి,

మా బస్సు పోయాక డ్రైవర్ల చేతికి ఇవ్వబుద్ధి కాక ఇది పోస్టులో వేయిస్తున్నాను. ఆలస్యమైతే మన్నించాలి.

పుట్టాక కబురు చెయ్యమన్నారు. చేస్తున్నాను. నొప్పులు నెల ముందే వచ్చాయి, తెల్లవారుతుండగా. మామూలుగా అయితే ఆ వేళకు మా ఇంటిముందు ఇంజను వేడెక్కుతూ ఉండాలి. ఆంథోని గుట్ట ఎక్కి అంబులెన్సుకు ఫోను చేశాడు. వాగులో నీళ్లు మోకాళ్ల దాకానే ఉన్నా, బండి దిగదు, రాలేమన్నారు. నులక మంచం తిరగేసి దానికి కర్రలు కట్టి మోశారు. మోసినవాళ్లలో మడివి లచ్చమ్మ కొడుకులు ఉన్నారు. లచ్చమ్మ వెనకాలే నడుస్తూ దారి పొడుగునా మిమ్మల్ని తిట్టింది. నేను వద్దనలేదు.

చర్లలో బస్సు వెంటనే దొరికింది. మీరు చెప్పిన హెడ్‌వే నిజమే, మెచ్చుకోవాలి. సర్వర్ భాయి డ్యూటీ. ఎక్కడా ఆపలేదు. ఏడుస్తూ నడిపాడు పాపం.

ఆడపిల్ల. ఏడవలేదు. నీలంగా ఉంది. డాక్టరమ్మ, "కొంచెం ముందు తెచ్చి ఉంటే" అని సగంలో ఆపేసింది.

పేరు పెట్టలేదు. పెడితే నాన్న బైబిల్లో రాయాలి. గీత గీసే పని మీకు మళ్లీ ఎందుకు?

దీవెన, ఆంథోని భార్య


ఖమ్మం
అక్టోబరు

అక్కా,

ఈ రెండు నెలల్లో ఎన్నిసార్లు మొదలుపెట్టానో. ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

సర్వర్ డ్యూటీ మార్చమని ఆఫీసుకు వచ్చాడు. ఆ రూటు ఇక చెయ్యనన్నాడు. ఎందుకని అడిగితే నా మొహం మీదే అన్నాడు, "మేడం, మీ నాయన పానం మీద ఉన్నప్పుడు వాగు పొంగింది. చర్ల దాటినంక నేనే బండి తిప్పిన. నీ అక్క నీళ్లల్ల దిగిందని వాగుకాడి పోలీసోళ్లు చెప్పిండ్రు. నువ్వు నన్ను ఒక్కసారి అడగకపోతివి." ఆఫీసంతా విన్నారు.

అక్కా, డేటా తప్పు. సిగ్నల్ లేని ట్రిప్పులన్నీ చేరినట్టే చూపిస్తుంది, అది సాఫ్ట్‌వేర్ లోపం. నాకు ఎవరూ సరిగ్గా నేర్పలేదు. పై ఆఫీసుకు మెయిల్ పెట్టాను. కొత్త షెడ్యూల్లో మీ నైట్ హాల్ట్ తిరిగి వేశాను, లాక్ కూడా పెట్టాను. ఇక దాన్ని ఎవరూ తీయలేరు. సర్వర్‌ను బతిమాలి మళ్లీ అదే రూటుకు ఒప్పించాను. ఈ ఉత్తరం మొదటి బస్సులో ఆయన చేతనే పంపుతున్నాను.

అసలు సంగతి. అమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమ వైపంతా పడిపోయింది. ఎక్కువ రోజులు ఉండదన్నారు. నేను అమ్మకు అంతా చెప్పాను, వాగు, కాగితం, బిడ్డ, అంతా. అప్పటినుంచి తలుపు చప్పుడైతే చాలు, "పెద్దది వచ్చిందా?" అంటోంది. నాన్న అన్నట్టే. నేను మళ్లీ ఆ మంచం పక్కనే కూర్చున్నాను. రెండోసారి నేను వినలేను అక్కా.

నన్ను క్షమించకు. నా మొహం చూడకు. అమ్మ కోసం రా. తెల్లారి బస్సు ఎక్కితే మధ్యాహ్నానికల్లా ఇక్కడ ఉంటావు. నీ కాళ్లు పట్టుకుంటాను, రా.

నీ చెల్లి


ఇప్పగుంపు
అక్టోబరు

ఆరాధనా,

బస్సు వచ్చింది. నిన్న సాయంత్రం మలుపు దగ్గర హారన్ వినగానే ఊరంతా అంగన్‌వాడీ ముందుకు వచ్చారు. లచ్చమ్మ బస్సు మూతికి పసుపు పూసింది. హరిలాల్ మిషను మెళ్లో వేసుకుని దిగాడు. ఇక నుంచి ఆధార్ కార్డు లేనిదే ఎవర్నీ ఎక్కించనని ఒట్టేశాడు. నీ తెర మీద మా ఊరు ఇప్పుడు నిండుగా కనిపిస్తుంది చూసుకో.

రాత్రికి వాళ్లకు మా ఇంట్లోనే అన్నం పెట్టాను. నీ ఉత్తరం సర్వర్ భాయి తిన్నాక ఇచ్చాడు. ముందే ఇస్తే వండనేమోనని భయపడ్డాడట.

ఇప్పుడు తెల్లారింది. సర్వర్ భాయి ఇంజను వేసి నన్ను పిలుస్తున్నాడు. "ఎక్కు దీవెనమ్మా, అమ్మ ఎదురుచూస్తాంది, ముందు సీటు నీకే పెట్టిన" అంటున్నాడు. ఆంథోని నా సంచి సర్ది గడప మీద పెట్టాడు. నేను వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. పది అడుగులు వేస్తే బస్సు ఎక్కుతాను.

అమ్మ మీద కోపం లేదని రాయాలని ఉంది. ఉంది. నీ గురించి నేను ఏడవలేదు, నువ్వు ఎట్లాంటిదానివో నీ ఉత్తరాల్లోనే ఉంది. నన్ను కన్న మనిషి ఒక్క కాగితం విని నేను అట్లాంటిదాన్నని నమ్మింది. ఆ మాట వింటే మా ఊరి లచ్చమ్మ కూడా నమ్మదు, కడుపున మోసిన తల్లి నమ్మింది. పెన్ను నీ చేతికిచ్చింది.

ఈ ఉత్తరం సర్వర్ భాయికి ఇచ్చి, గడప మీది సంచి తిరిగి ఇంట్లో పెట్టేస్తాను.

అమ్మ "పెద్దది వచ్చిందా?" అని అడిగితే, బయలుదేరిందిగానీ బస్సు రాలేదమ్మా అని చెప్పు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పు. నీ తెర మాత్రం ఆమెకు చూపించకు. అందులో బస్సు వచ్చినట్టే ఉంటుంది, ఈసారి అది నిజమే.

దీవెన